సిగ్నల్ వస్తున్నా టెస్ట్ ఫెయిల్ అవుతుంటే

తమ్మీ, మిర్యాలగూడ రైస్ మిల్లు కాటా కోసం పైక్యూటీలో (పైథాన్‌తో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) రాస్తున్న అప్లికేషన్‌లో బటన్ నొక్కితే బరువు స్క్రీన్ మీద కనబడుతోంది కానీ టెస్ట్‌లో మాత్రం సిగ్నల్, అంటే బరువు వచ్చిందని ప్రోగ్రామ్‌లో ఒక భాగం ఇంకోదానికి పంపే కబురు, అందట్లేదన్నావు కదా. నీ సిగ్నల్‌లో తప్పేం లేదు. కాటా నుంచి చదివే పని వేరే థ్రెడ్‌లో (పక్కన విడిగా నడిచే పనిలో) ఉంది కాబట్టి ఆ సిగ్నల్ మెయిన్ థ్రెడ్ క్యూలో కూర్చుంటుంది, ఆ క్యూలోవి ఒక్కొక్కటే తీసే ఈవెంట్ లూప్ తిరిగితేనే స్లాట్ (సిగ్నల్ అందుకునే ఫంక్షన్) దాకా వస్తుంది, నీ టెస్టేమో బటన్ నొక్కిన వెంటనే ఫలితం సరిచూసే అసర్ట్‌కు పోతోంది.

సిగ్నల్ వచ్చేదాకా ఆగడానికని టైమ్ స్లీప్ పెట్టకు, దాంతో లూప్ కూడా ఆగిపోతుంది. పైటెస్ట్-క్యూటీ (ఇలాంటి అప్లికేషన్లను టెస్ట్ చేసే ప్లగిన్) వేసుకుని, అది ఇచ్చే క్యూటీబాట్‌లోని వెయిట్‌సిగ్నల్ (waitSignal, సిగ్నల్ వచ్చేదాకా ఆగేది) విత్ బ్లాక్‌గా వాడు, దానికి బ్లాకర్ అని పేరు పెట్టుకో. బటన్ నొక్కే లైను కచ్చితంగా ఆ విత్ బ్లాక్ లోపలే ఉండాలి, చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. బయట నొక్కితే వినడం మొదలుపెట్టేలోపే సిగ్నల్ వెళ్లిపోవచ్చు. టైమవుట్ 2000 మిల్లీసెకన్లు చాలు, అంతలో రాకపోతే టెస్ట్ తనే ఫెయిల్ అవుతుంది.

తర్వాత బ్లాకర్ ఆర్గ్స్‌లో, అంటే సిగ్నల్ మోసుకొచ్చిన విలువల్లో, మొదటిది నువ్వు టెస్ట్ కోసం పెట్టుకున్న బరువు, ఉదాహరణకు 52.4 అవునో కాదో కూడా చూడు. సిగ్నల్ వచ్చిందా లేదా అన్నదొక్కటే చూస్తే తప్పు బరువు వచ్చినా టెస్ట్ పాస్ అయిపోతుంది, నష్టపోయేది వడ్లు తెచ్చిన రైతు. అసలు కాటాను టెస్ట్‌కు తగిలించకు, సీరియల్ పోర్ట్ బదులు ఆ అంకె ఇచ్చే ఉత్తుత్తి క్లాస్ ఒకటి రాసుకో.