కిటికీ పక్కన సీసాలోనే ఎందుకు కారుతోంది?

తమ్ముడూ, మీ కావలి ల్యాబులో కీటోప్రొఫెన్ అనే నొప్పి మందు కలిపిన గుడ్డు లెసితిన్ లైపోజోముల్లోంచి, అంటే కొవ్వు పొరతో చేసిన సూక్ష్మ బుడగల్లోంచి, లోపలి రంగు కారిపోతోందనీ, అదీ కిటికీ పక్కన పెట్టిన సీసాలోనే అనీ రాశావు. చీకట్లో పెట్టినవి బాగున్నాయన్నావే, కిటుకంతా అక్కడే ఉంది.

కిటికీ అద్దం ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కాంతిని పూర్తిగా ఆపదు. పొరలోకి చేరిన మందులో బెంజోఫినోన్ భాగం ఆ వెలుగు పీల్చి, పక్కనున్న అసంతృప్త (జంట బంధాలున్న) కొవ్వు గొలుసు నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఆక్సిజన్ తోడైతే పెరాక్సైడ్లు ఒకదాని వెంట ఒకటి పుట్టి పొర సడలిపోతుంది. ఒంగోలులో నేను సీసాకి ఫాయిల్ చుట్టి మూత దగ్గర వదిలేశాను. తర్వాత మూత తీస్తే కనరు వాసన!

గుడ్డు లెసితిన్ బదులు డీపీపీసీ అనే కొవ్వు వాడు, దానికి అసంతృప్త గొలుసులు లేవు. లైపోజోములు చేసేటప్పుడు బఫర్ ద్రావణం వేడి మాత్రం 41 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఆక్సిజన్ చేరకుండా సీసాలో నైట్రోజన్ నింపు. ముందుగా మందు లేని సీసా ఒకటి అదే కిటికీలో పెట్టి చూడు. అదీ కారితే తప్పు రంగుది కావచ్చు.