గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కపిల్ల: గిన్నె మాత్రం లాక్కోవద్దు

అక్కా, అనంతపురంలో మీ వీధి నుంచి తెచ్చుకున్న మూడు నెలల కుక్కపిల్ల తినేటప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమంటోందని, గిన్నె లాగేసి రెండు తగిలిస్తే దారికొస్తుందని మీ మామగారు అంటున్నారని రాశారు. ఆ పని మాత్రం చేయనివ్వకండి. కొడితే గుర్రుమనడం మానేస్తుందేమో గానీ భయం పోదు. రేపు చెప్పాపెట్టకుండా కరుస్తుంది.

వీధిలో పోటీపడి తిన్న పిల్ల కదా, మీరొస్తే తిండి పోతుందనే అనుకుంటుంది. మీరొస్తే ఇంకా మంచిది దొరుకుతుందని దానికి తెలియాలి. ఉప్పుకారం వేయకుండా ఉడికించిన, ఎముక లేని చికెన్ చిన్న ముక్కలు చేసి పెట్టుకోండి. అది తింటుంటే దూరం నుంచే ఒక ముక్క గిన్నె వైపు విసిరి వెనక్కి వచ్చేయండి. సంగటి ముద్ద ఎంత ఇష్టమైనా కోడి ముక్క ముందు దిగదుడుపే! తినడం ఆపి, ఒళ్లు బిగబట్టి ఓరచూపు చూసిందంటే మీరు మరీ దగ్గరికెళ్లినట్టు. మిమ్మల్ని చూడగానే హాయిగా తలెత్తి ముక్క కోసం చూస్తుంటేనే ఒక అడుగు ముందుకేయండి. తొందరొద్దు.

చెప్పు నోట కరచుకున్నా ఇంతే, ముక్క చూపించి మార్చుకోండి.

దానికి ఇదంతా అలవాటయ్యేదాకా ఇంట్లో చిన్నపిల్లల్ని అటు పోనివ్వకండి. పన్ను గీరుకున్నా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా వేయించుకోండి. కుక్కపిల్లకు కూడా ఆ టీకా వేయించే వయసే ఇది. పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు నులిపురుగుల మందు సంగతీ అడగండి.