ఆగి ఉన్న బస్సు

విజయవాడ

అమ్మా, ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన అనువాద కథ అందింది. మూడో పేజీ దాకా హాయిగా సాగింది. అక్కడ వానలో తడిసిన ముసలాయన పరుగున వచ్చి ‘స్టేషనరీ సామాన్ల బస్సు’ ఎక్కాడు. బస్సు నిండా కాగితాలు, పెన్నులు ఉంటే పాపం ఆయన ఎక్కడ కూర్చున్నాడో! మూలంలో ఉన్నది ఆగి ఉన్న బస్సు.

ఇంగ్లీషులో ఈ రెండు మాటలకు ఒక్క అక్షరమే తేడా. చివర ఆర్‌కు ముందు ‘ఏ’ ఉంటే కదలనిది, ‘ఈ’ ఉంటే రాతసామగ్రి. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ ఒక్క అక్షరమూ మాయమై రెండూ ‘స్టేషనరీ’ అయి కూర్చుంటాయి. ఎన్వలప్‌లో మొదటి అక్షరం ‘ఈ’ కాబట్టి కాగితాల స్టేషనరీకి ‘ఈ’ అని బడిలో బట్టీ పట్టిస్తారు. మార్కులకు అది చాలు, నీకు చాలదు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు నీకు తెలుసు కదా. మధ్యయుగాల ఐరోపాలో చాలామంది వర్తకులు మూట మోసుకుంటూ ఊరూరా తిరిగేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవారు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కుదురుగా ఉండేవారు. కదలకుండా ఉంటారు కనుక స్టేషనర్లు అన్నారు. వాళ్ల దగ్గర దొరికే సరుకు స్టేషనరీ అయింది. రైలు ఆగే స్టేషనూ ఈ ఇంటి మాటే. ఇది తెలిశాక ఆ రెండు మాటలను కలిపేయడం నీకు చేతకాదు. కల్లుకూ కళ్లకూ తేడా మనం ఏ పట్టికలోనూ నేర్చుకోలేదు. కల్లు తాగినవాడి కళ్లు ఎర్రబడడం చూశాం, అంతే.

నా ఘనకార్యం కూడా విను. ఈ ఊళ్లోనే ఒక పత్రికలో కొత్తగా సబ్‌ఎడిటర్‌గా చేరిన రోజులు. రాత్రి డ్యూటీలో టెలిప్రింటర్ మీద ఒక వార్త వచ్చింది. ఎవరో మంత్రి మీద శాసనసభలో ‘సెన్షర్ మోషన్’ పెట్టారట. గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసుల మధ్య పెరిగినవాణ్ణి, నాకు తెలిసింది కత్తెరే. ‘మంత్రిపై సెన్సార్ తీర్మానం’ అని శీర్షిక పెట్టేశాను. డెస్కు పెద్దాయన కాగితం తెచ్చి నా ముందు పరిచి, “మంత్రిగారిలో ఏ సీను కత్తిరించారయ్యా?” అని అడిగారు.

ఆ అవమానంతో నిఘంటువు తిరగేస్తే దొరికింది అసలు సంగతి. పురాతన రోమ్‌లో సెన్సర్ అనే అధికారి ఉండేవాడు. పౌరుల లెక్క, ఆస్తుల లెక్క రాయించేవాడు. వాళ్ల నడవడి మీదా కన్ను వేసేవాడు. దారి తప్పిన సెనేటర్ పేరు జాబితా నుంచి కొట్టేసే అధికారం కూడా ఉండేది. ఆయన రాయించిన లెక్క సెన్సస్, ఆయన తప్పుపట్టడం సెన్షర్, ఆయన పేరేమో సినిమా కత్తెరకు అంటుకుంది. మన సెన్సార్ బోర్డు 1983లోనే పేరు మార్చుకుని ధ్రువీకరణ బోర్డు అయింది, జనం నోట మాత్రం ఇంకా సెన్సారే. మనిషి రాగానే తెరుచుకునే తలుపుకు ఉండే సెన్సర్‌కు మాత్రం ఈ ఇంటితో చుట్టరికం లేదు. అది స్పృహకు, అనుభూతికి సంబంధించిన వేరే మూలం.

మన వైపూ ఒక గొయ్యి ఉంది. సెన్షర్‌ను అభిశంసన అన్నాం, బాగుంది. ఇంపీచ్‌మెంట్‌నూ అభిశంసనే అన్నాం. లోక్‌సభలో మొదటిది నెగ్గినా ప్రభుత్వం దిగిపోనక్కరలేదు. రెండోది పార్లమెంటులో నెగ్గితే రాష్ట్రపతి పదవే పోతుంది. అందుకని ఆ మాట వాడిన చోట ఎవరి మీదో, నెగ్గితే ఏమవుతుందో కూడా నువ్వే చెప్పాలి.

పెట్రోలు ట్యాంకర్ల మీద ఇన్‌ఫ్లేమబుల్ అని చూసే ఉంటావు. ముందు ‘ఇన్’ ఉంది కదా అని ‘మండనిది’ అని రాసేవు, కొంప అంటుకుంటుంది! ఆ ‘ఇన్’ కాదనేది కాదు, రాజేసేది. ఈ తికమకకు భయపడే 1920ల నుంచి అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ నిపుణులు ఫ్లేమబుల్ అనే వాడమని పోరారు. ఆర్థికమైన ఎకనామిక్, పొదుపైన ఎకనామికల్ లాంటివాటికి ఇంత కథ అక్కరలేదు, పక్కన విధానం ఉందో స్కూటర్ ఉందో చూస్తే తెలిసిపోతుంది.

ఇకపై ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో దించే ముందు, అదే సంగతి మీ అమ్మమ్మకు ఎలా చెబుతావో ఒకసారి పైకి అని చూడు. నోరు తడబడితే నిఘంటువు తియ్యి. అర్థం దగ్గరే ఆపకుండా, చివర చిన్న అక్షరాల్లో ఉండే పుట్టుక కూడా చదువు.

బస్సు దిద్ది పంపు. ఆ ముసలాయన తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని మెట్టెక్కే వాక్యం మాత్రం ముట్టుకోకు.

నీ శ్రేయోభిలాషి