ఇడియమ్స్ బట్టీపడితే గుర్తుండటం లేదా?

ప్రశ్న: తెలుగు మీడియంలో డిగ్రీ పూర్తిచేశాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష అయిన ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు సిద్ధమవుతున్నా. ఇంగ్లిష్ ఇడియమ్స్ (జాతీయాలు) ఎన్నిసార్లు చదివినా పరీక్ష హాల్లో గుర్తుకురావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు మీరు బట్టీపడుతున్న ఇడియమ్స్ జాబితా పక్కన పెట్టండి. ఇడియమ్‌లోని పదాలకు, దాని అర్థానికి పైకి సంబంధం కనిపించదు. అందుకే బట్టీపట్టింది నిలవదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే అర్థం దానంతటదే గుర్తుకొస్తుంది.

'హాబ్సన్స్ చాయిస్' తీసుకోండి. చాయిస్ అని ఉంది కదా అని చాలామంది 'నచ్చింది ఎంచుకోవడం' అనే ఆప్షన్ పెట్టేస్తారు. అసలు సంగతి వేరు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో థామస్ హాబ్సన్ అనే ఆయన గుర్రాలు అద్దెకిచ్చేవారు. 1631లో చనిపోయారు. విద్యార్థులంతా మంచి గుర్రాలనే అడిగితే అవి అలసి పాడవుతాయని, వరుసలో తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలని షరతు పెట్టారు. అది వద్దంటే వట్టి చేతులతో వెళ్లాల్సిందే. అంటే ఎంపిక ఉన్నట్టే ఉంటుంది కానీ ఉండదు. ఈ కథ తెలిశాక తప్పు ఆప్షన్ పెట్టరు.

ఒకేచోట పుట్టినవాటిని కలిపి చదవండి. తెరచాప ఓడల నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. 'విత్ ఫ్లయింగ్ కలర్స్'లో కలర్స్ అంటే రంగులు కాదు, ఓడ జెండాలు. జెండాలు ఎగరేసుకుంటూ రావడమంటే ఘనంగా గెలిచి రావడం. 'త్రీ షీట్స్ టు ద విండ్'లో షీట్లు తెరచాపను అదుపుచేసే తాళ్లు. అవి వదులైతే ఓడ తూలుతుంది. తాగి తూలేవాడిని అలా అంటారు. యుద్ధాలది ఇంకో గుంపు: క్రీ.పూ. 49లో సీజర్ దాటిన రూబికాన్ నది ('క్రాస్ ద రూబికాన్' అంటే వెనక్కి రాలేని అడుగు వేయడం), 1815లో నెపోలియన్ ఓడిన వాటర్లూ ('మీట్ యువర్ వాటర్లూ' అంటే చివరికి ఓడిపోవడం).

వాట్సాప్‌లో తిరిగే కథలను మాత్రం నమ్మకండి. గడ్డి కప్పుల మీద నుంచి పిల్లులు, కుక్కలు జారిపడేవి కాబట్టి కుండపోత వానను 'క్యాట్స్ అండ్ డాగ్స్' అన్నారనే కథకు ఆధారం లేదు. అలాంటిచోట అర్థం నేర్చుకుని ముందుకెళ్లండి.

నేర్చుకున్న ప్రతిదానితో మీ ఇంటి విషయమో, ఊరి విషయమో పెట్టి ఒక సొంత వాక్యం రాయండి. దీన్ని దాటవేయొద్దు, సగం పని ఇక్కడే జరుగుతుంది. తర్వాత పాత ప్రశ్నపత్రాలు చేయండి. అడిగినవే మళ్లీ అడుగుతుంటారు. టైర్-1లో (తొలి దశ పరీక్షలో) సరైన జవాబుకు 2 మార్కులు, తప్పుకు 0.5 కోత. రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తేలితే మిగిలిన రెంటిలో ఒకటి ధైర్యంగా పెట్టేయండి.