బోటింగ్‌కు ముందు సంతకం అడిగితే?

అక్కా, హనుమకొండలో కాలనీ పిల్లలను చెరువులో బోటు ఎక్కిద్దామంటే ‘ఏం జరిగినా మాకు సంబంధం లేదు’ అనే కాగితం మీద సంతకం అడుగుతున్నారని రాశారు. సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల నిర్లక్ష్యం మాఫీ కాదు. టికెట్ కొన్నారంటే మీరు వినియోగదారులే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం మీద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. టికెట్, ఆ కాగితం ఫోటో తీసి పెట్టుకోండి.

కేసు మాట తర్వాత, ముందు లైఫ్ జాకెట్లు చూడండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో పడగానే పైకి జారిపోతుంది. బెల్టులు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాకా వస్తే ఆ జాకెట్ వద్దు. ఈత వచ్చిన పిల్లలకైనా ఇదే. తీసుకెళ్లే మీ కాలనీ కమిటీకీ బాధ్యత ఉంటుంది, తల్లిదండ్రుల అనుమతి రాయించుకోండి. గాలి లేస్తే, డబ్బులు పోయినా సరే, ఎక్కించకండి.