పాట కోసం నవల ఆపకు

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సినిమా పాట రాసే అవకాశం వచ్చిందట, చాలా సంతోషం. కానీ సగం రాసిన నవలను పక్కన పెట్టేస్తానన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను.

మలయాళ సినీ గీత రచయిత శ్రీకుమారన్ తంపి గారి పేరు వినే ఉంటావు. 1940లో కేరళలోని హరిప్పాడ్‌లో పుట్టారు. చదివింది ఇంజినీరింగ్. కోళిక్కోడ్‌లో టౌన్ ప్లానింగ్ ఉద్యోగం చేసి, అది వదిలేసి సినిమాకు వచ్చారు. 1966లో ‘కాట్టుమల్లిక’ అనే సినిమాకు తొలి పాటలు రాశారు. అప్పటికి మలయాళ పాటంటే వయలార్ రామవర్మ, పి. భాస్కరన్, ఓఎన్‌వీ కురుప్పు. అంతటి వాళ్ల మధ్య ఒక కుర్రాడు తన గొంతు వినిపించాలంటే ఎంత టెన్షనో ఆలోచించు! అయినా ఆయన వచనం వదల్లేదు. ఆయన నవల ‘కాక్కత్తంపురాట్టి’ 1970లో సినిమా అయింది. తీసింది ఎవరో తెలుసా? ఆ పి. భాస్కరనే.

1973లో ఆయన రాసిన ఒక పాట నాకు ప్రాణం. మలయాళ భాషలోని మత్తెక్కించే అందమే నీ చిరునవ్వుగా విరుస్తోందని అందులో ప్రేమికుడు ప్రియురాలితో అంటాడు. అందులో ‘భంగి’ అనే మాట వస్తుంది. మనకు భంగి అంటే తీరు, వాళ్లకు అందం. ఒక్క మాట రెండు భాషల్లో ఎలా బతుకుతోందో చూశావా? భాషను ప్రియురాలిలో చూడాలంటే మనుషుల్ని దగ్గరగా గమనించే కన్ను కావాలి. ఆ కన్ను నీకు నవలే ఇస్తుంది. నీ మూడో అధ్యాయంలో వడ్లు తూర్పారబట్టే ముసలమ్మ ఉంది కదా, ఆమె నడక ఏదో ఒక రోజు నీ చరణంలోకి వస్తుంది.

ఇక పాట సంగతి. నా మొదటి పాటలో పొడుగాటి సమాసం ఒకటి పెట్టాను. గాయని మధ్యలో ఊపిరందక ఆగిపోయింది. నాకు తల తిరిగినంత పనైంది. అప్పటినుంచి ప్రతి పాదం పైకి పాడుకుని చూస్తున్నాను. రాగం సాగే చోట దీర్ఘం పడాలి, సంయుక్తాక్షరం పడితే గొంతు పట్టేస్తుంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనకు కొంత సుఖం. మలయాళంలో ‘న్’, ‘ల్’, ‘ర్’ లతో ముగిసే మాటలు బోలెడు. అయినా తంపి గారి పాటలు నీళ్లలా సాగిపోతాయి.

2023లో ఆయనకు వయలార్ పేరిట ఇచ్చే అవార్డు వచ్చింది. పాటకు కాదు, ఆత్మకథకు. అదీ వచనమే.

పల్లవి పాడి రికార్డు చేసి పంపు. దాంతోపాటు నాలుగో అధ్యాయం కూడా.

ప్రేమతో,
మీ అన్నయ్య