బెల్టు బిగువా, బిగింపా?

సందేహం: సరుకును కదులుతుండగానే తూచే కన్వేయర్‌కు తెలుగులో నిర్వహణ సూచనలు రాస్తుంటాను. ‘వారానికోసారి బెల్టు బిగింపు చూడండి’ అని రాస్తే, చదివినవాళ్లు వారం వారం స్క్రూ తిప్పి బెల్టును బిగిస్తూ వచ్చారు. నేను రాసింది తప్పా? ‘బిగువు’, ‘బిగుతు’, ‘టెన్షన్’లలో ఏది వాడాలి? ‘సరిచూడటం’, ‘సరిచేయడం’ ఒకటేనా?

సమాధానం: వ్యాకరణ దోషం లేదు. కానీ ఆ చోట ఆ మాట పనికిరాదు. తగ్గించు–తగ్గింపు, సవరించు–సవరింపు లాగే ‘బిగించు’ నుంచి ‘బిగింపు’ వచ్చింది. ఇలాంటి మాటల్లో చేసే పనే ముందుగా వినిపిస్తుంది. ‘కేటాయింపు’ వంటివి కొన్ని ఫలితానికి కూడా పేర్లయ్యాయి, నిజమే. ‘బిగింపు’ అంత దూరం రాలేదు. దానికి తోడు మీరు ‘చూడండి’ అన్నారు. తెలుగులో చూడటమంటే పరిశీలించడమే కాదు. ‘ఆ పనేదో నువ్వు చూడు’ అంటే చేసిపెట్టమని. ఈ రెండూ ఒక వాక్యంలో కలిశాక వాళ్లు స్క్రూ తిప్పకుండా ఎలా ఉంటారు? వాళ్ల తెలుగు సరైనదే.

ఇక్కడ రావలసింది ‘బిగువు’. అది పని కాదు, స్థితి. ‘బిగుతు’ కూడా స్థితే గానీ, చొక్కా బిగుతుగా ఉందంటే ఒంటిని పట్టేస్తోందని, మూత బిగుతుగా ఉందంటే ఊడి రావడం లేదని. ఎక్కువైందన్న ధ్వని అందులో ఉంది. అందుకే ఎక్కువైతే బిగుతు, తక్కువైతే వదులు, కొలిచేది బిగువు అని పంచుకోమంటాను. ఇది నియమం కాదు, నా సలహా. మీ దగ్గర అందరూ ‘టెన్షన్’ అంటుంటే అదే రాయండి. బెల్టు పక్కన ఆ మాటకు రెండో అర్థం రాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ యంత్రంలో బిగువు మారితే అంకె మారుతుంది. మరీ బిగిస్తే బెల్టు వంతెనలా నిలిచి, తూకపు రోలర్ల మీద పడాల్సిన బరువులో కొంత తానే మోస్తుంది. వదులైతే రోలర్ల మధ్య కుంగుతుంది, నడిపే డ్రమ్ము మీద జారుతుంది. వేగాన్ని ఆ డ్రమ్ము దగ్గరే కొలుస్తుంటే ఆ లెక్కా చెడుతుంది.

ఇక సరిచూడటం అంటే ఉన్నదాన్ని ఉండాల్సినదానితో పోల్చడం. అప్పటికి ఏదీ కదపకూడదు. తేడాను తీసేస్తే అది సరిచేయడం. బెల్టు మార్చాక ఈ రెండూ వరుసగా జరగాలి. కొత్త బెల్టు బరువు పాతదానితో అచ్చంగా సమానం కాదు, అతుకు దగ్గర మందమూ వేరు. ఖాళీ బెల్టును అతుకు బయలుదేరిన చోటికే తిరిగొచ్చేలా పూర్తి చుట్లు తిప్పి, తూకం సున్నా చూపుతోందో లేదో సరిచూడాలి, తేడా ఉంటే సరిచేయాలి. ఆ తర్వాతే తెలిసిన బరువుతో తూకం. సున్నా చూసేటప్పుడు చుట్టు మధ్యలో ఆపితే అతుకు కొన్నిసార్లు లెక్కలోకి వస్తుంది, కొన్నిసార్లు రాదు.

మీ సూచనను ఇలా మార్చండి: ‘వారానికోసారి బెల్టు బిగువు కొలిచి రాయండి. చెప్పిన కొలతకు తేడా ఉంటేనే యంత్రం ఆపి, కరెంటు తీసి, స్విచ్చికి తాళం వేసి స్క్రూ తిప్పండి. తిప్పిన ప్రతిసారీ సున్నా మళ్లీ సరిచూడండి.’